కోఠి: ఒక బంగళా, దాని చుట్టూ ఏర్పడిన పేట

హైదరాబాదులో 'కోఠి' అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది బస్సుల రద్దీ, కాలిబాట మీద పేర్చిన పాత పుస్తకాలు, సుల్తాన్ బజారులోని బట్టల దుకాణాలు. నిజానికి ఆ మాట మొదట పేట పేరు కాదు. ఉర్దూలో కోఠి అంటే పెద్ద బంగళా. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా ఉండే రెసిడెంటు నివాసాన్ని జనం కోఠి అన్నారు, కొంతకాలానికి దాని పరిసరాలన్నిటికీ ఆ పేరే స్థిరపడింది. తెలుగులో చాలామంది దీన్ని 'కోటి' అని రాస్తారు. అందువల్ల కోట ఉండేదేమోనని, లేక కోట్ల సంఖ్యకూ దీనికీ ఏదో లంకె ఉందేమోనని అనుకునేవారూ లేకపోలేదు. చివరి నిజాం నివసించిన కింగ్ కోఠి దీనికి సంబంధం లేని మరో బంగళా.

పేరు పేటకు చేరిపోయాక బంగళాకు ఇంకో పేరు అవసరమైంది. రెండు శతాబ్దాలకు పైబడిన దాని జీవితంలో అలాంటి పేర్లు కొన్ని వచ్చాయి, పోయాయి. రాయబారి నివాసం, పాలనా కేంద్రం, దాడి తర్వాత బురుజులు కట్టుకున్న ఆవరణ, ఆడపిల్లల కళాశాల, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం. ఈ మార్పులను వరుసగా చెప్పుకుంటూ పోతే అదొక కాలపట్టిక అవుతుంది తప్ప విశ్లేషణ కాదు. కొత్తగా వచ్చిన ప్రతి అవసరమూ ఆ భవనంలో దేన్ని నిలుపుకుంది, దేన్ని వదిలేసింది అన్నది గమనించాలి. దానితోపాటు, గోడల లోపల జరిగిన పనికీ గోడల బయట ఏర్పడిన జీవితానికీ మధ్య ఎంత దూరం ఉండేదో కూడా చూడాలి.

ఈ బంగళాను కట్టించిన జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ 1798 నుంచి 1805 వరకు హైదరాబాదులో రెసిడెంటు. కంపెనీ సైన్యాన్ని నిజాం ఖర్చుతో అతడి రాజ్యంలో ఉంచే సైన్య సహకార ఒప్పందాన్ని 1798లో నిజాం అలీ ఖాన్‌తో కుదిర్చింది అతడే. ఆ సైన్యం ఖర్చు కింద కడప, బళ్ళారి, అనంతపురం ప్రాంతాలను కంపెనీకి అప్పగించిన 1800 నాటి ఒప్పందమూ అతడి హయాంలోదే. తెలుగువారు దత్త మండలాలని పిలిచి, తర్వాత రాయలసీమ అని పేరు పెట్టుకున్న నేల చేతులు మారింది ఆ సంతకాలతోనే. అలాంటి పనులు నడిపిన పదవికి మూసీ ఉత్తరపు ఒడ్డున తోటలో ఉన్న పాత కట్టడాలు చాలవని కర్క్‌పాట్రిక్‌కు అనిపించడంలో ఆశ్చర్యం లేదు. మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్ నమూనా గీశాడు. 1803 ప్రాంతంలో మొదలైన పని మూడేళ్లకు ఒక కొలిక్కి వచ్చింది. ఖర్చు మాత్రం కంపెనీది కాదు, నిజాం ఖజానాది.

స్థలం మంజూరు గురించి ఒక కథ వాడుకలో ఉంది. కర్క్‌పాట్రిక్ స్థలం పటాన్ని పెద్ద కాగితం మీద గీయించి పంపితే నిజాం కాదన్నాడట. అంతటి పటం తన రాజ్యానికి తప్ప మరి దేనికీ ఆయన చూసి ఉండలేదు కాబట్టి, అడుగుతున్నది కూడా అంత నేలే అనుకున్నాడట. అదే పటాన్ని చిన్న అట్టముక్క మీద గీసి పంపేసరికి ఒప్పుకున్నాడట. ఇది జరిగిందో లేదో గానీ, ఎవరి నేలలో ఎవరి సొమ్ముతో ఎవరి ఇల్లు లేచిందో ఆ కథకు బాగా తెలుసు.

భవనం రూపంలో ఆ పదవి స్వభావమంతా కనిపిస్తుంది. ఉత్తరం వైపు ఎత్తయిన మెట్లు, మెట్ల కింద సింహాలు, పైన ఆరు కొరింథియన్ స్తంభాల వసారా, దాని నెత్తిన త్రికోణంలో చెక్కిన రాజచిహ్నం. వసారా దాటి లోపలికి వెళ్తే రెండంతస్తుల ఎత్తున్న దర్బారు హాలు, ఆ వెనక రెండుగా చీలి పైకెక్కే మెట్లు. దీన్ని అమెరికా శ్వేతసౌధానికి నకలు అనడం పరిపాటి అయింది. ఆ రెండూ ఇంచుమించు ఒకే కాలంలో, ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో పేరుతో వ్యాపించిన ఒకే శైలిలో కట్టినవి కాబట్టి పోలిక సహజమే. అంతమాత్రాన ఒకటి రెండోదానికి నకలు అయిపోదు. చెప్పుకోదగిన పోలిక కలకత్తాలోని గవర్నమెంట్ హౌస్‌తో ఉంది. 1803 నాటికి పూర్తయిన ఆ భవనంలాగే ఇది కూడా, కంపెనీ వ్యాపారం చేసుకునే సంస్థగా కాక ఏలే సంస్థగా కనిపించదలచిన రోజుల్లో లేచింది. రాయబారి ఇల్లు ఆతిథ్యమిచ్చే రాజు దర్బారుతో పోటీపడేంత ఎత్తు లేవడంలోనే ఆ మార్పు ఉంది.

అదే ఆవరణలో ఇంకో ఇల్లు కూడా ఉండేది. కర్క్‌పాట్రిక్ హైదరాబాదు కులీన కుటుంబానికి చెందిన ఖైరున్నీసాను పెళ్లాడి, ఆమె కోసం రంగ్ మహల్ అనే జనానాను కట్టించాడు. పెద్ద బంగళా పాశ్చాత్య శైలిలో ఉంటే, రంగ్ మహల్ తోటలు, ఫౌంటెన్లతో దక్కనీ పద్ధతిలో ఉండేది. పరదా పాటించే బేగం బంగళా ముందువైపుకు వచ్చి చూసే వీలు లేనందున, ఆమె తోటలోనే దానికి చిన్న నమూనా కట్టించాడని చెబుతారు. ఆ నమూనా దెబ్బలు తిని కూడా మిగిలింది. ఒకే మనిషి రెండు జీవన పద్ధతులకు రెండు ఇళ్లు కట్టించుకుని, వాటి మధ్య అటూ ఇటూ తిరిగిన కాలం చాలా కొద్దిది. 1805లో పిల్లలిద్దరినీ ఇంగ్లండుకు పంపేశారు, ఆ ఏడాది అక్టోబరులో కర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. తర్వాత వచ్చిన రెసిడెంట్లకు దర్బారు హాలుతో పని పడింది గానీ జనానాతో పడలేదు. 1860లో రంగ్ మహల్‌ను కూల్చేశారు. శిథిలమై కూలిపోయింది కాదు. అది గుర్తుచేసే దాంపత్యం అప్పటి దొరల నీతికి మింగుడుపడక కూల్చిందని చరిత్రకారులు రాశారు. భవనాలు ఉపయోగం మారినందువల్ల పోతాయని సాధారణంగా అనుకుంటాం. ఇక్కడ ఉపయోగం ముగిసిన యాభై ఏళ్లకు పైగా రంగ్ మహల్ నిలిచే ఉంది. దాన్ని పడగొట్టింది మారిన అభిప్రాయం.

ఈ కూల్చివేతకు మూడేళ్ల ముందే ఆవరణ స్వభావం మారింది. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో కొన్ని వందలమంది రొహిల్లాలు (పఠాన్ పోరాటయోధులు), నగరవాసులు రెసిడెన్సీ మీదికి వచ్చారు. పుత్లీబౌలి వైపు గేటుకు ఎదురుగా ఉన్న ఇళ్లలోకి చేరి అక్కడినుంచి కాల్పులు జరిపారు. ఫిరంగుల ముందు ఆ దాడి నిలవలేదు. తుర్రెబాజ్ ఖాన్ పట్టుబడి, తప్పించుకుని, చివరకు తూప్రాన్ దగ్గర హతుడయ్యాడు. మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమానుకు పంపారు, ఆయన అక్కడే కన్నుమూశారు. దాడి విఫలమైనా ఆవరణ మీద దాని ముద్ర మిగిలింది. తోట మధ్యలో అందరికీ కనపడేలా నిలబడడం కోసమే కట్టిన ఇంటి చుట్టూ ఎత్తయిన గోడలు, బురుజులు లేచాయి. అధికారాన్ని చూపించడానికి పుట్టిన భవనం ఆనాటి నుంచి దాన్ని దాచుకోవలసి వచ్చింది. ఇప్పుడు కోఠి బస్టాండు దగ్గర తుర్రెబాజ్ ఖాన్ స్మారక స్తంభం ఉంది, పక్కనున్న రోడ్డుకు ఆయన పేరే పెట్టారు.

గోడల లోపలి కథకంటే బయటి కథ పెద్దది, దానికి తగినంత గుర్తింపు దక్కలేదు. రెసిడెంటు ఇంటి చుట్టూ ఉన్న బజార్ల మీద నిజాం అధికారుల పెత్తనం నడిచేది కాదు, అక్కడి పాలన రెసిడెంటు చేతిలో ఉండేది. ఒక రాజ్యం రాజధానిలోనే ఇంకొకరి చట్టం నడిచే ఇంతటి నేల ఉండడం వ్యాపారులకు ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు. నిజాం ప్రభుత్వానికి అప్పులిచ్చే సాహుకార్లు ఆ ప్రభుత్వానికే అందనంత దూరంలో, అయినా దాని గుమ్మం ముందే కాపురం పెట్టవచ్చు. 19వ శతాబ్దం తొలినాళ్లలో నిజాముకు అప్పులిచ్చి పెద్ద దుమారానికి కారణమైన విలియం పామర్ కంపెనీ ఈ ప్రాంతంలోనే నడిచింది. 1820లో రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్కాఫ్ దాని లెక్కలు బయటికి లాగేదాకా ఆ వ్యాపారం రెసిడెన్సీ నీడలోనే వర్ధిల్లింది. తర్వాత మార్వాడీ, గుజరాతీ వర్తకులు పెరిగారు. కోఠిలో ఇప్పటికీ గుజరాతీ గల్లీ, బ్యాంక్ స్ట్రీట్ అన్న పేర్లు వినబడతాయి. ఈ పేటకు డబ్బుతో ఉన్న పాత చుట్టరికం ఆ పేర్లలో మిగిలింది.

డబ్బుకు దొరికిన ఆ వెసులుబాటు కొన్నాళ్లకు అక్షరానికీ దొరికింది. 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం రెసిడెన్సీ బజారు ప్రాంతంలో రావిచెట్టు రంగారావు ఇంట్లో మొదలైంది. దాని వెనక కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు ఉన్నారు. ఉర్దూ అధికార భాషగా ఉన్న రాజ్యంలో తెలుగు గ్రంథాలయం పెట్టడం అన్నది ఒట్టి పుస్తకాల వ్యవహారం కాదు. ఆ పని నిజాం కొత్వాలు (నగర పోలీసు అధికారి) చేతికి నేరుగా అందని చోట మొదలు కావడం యాదృచ్ఛికం అనుకోలేం. 1921 నవంబరులో వివేకవర్ధిని పాఠశాలలో సంఘ సంస్కార సభ జరిగింది, అదీ ఈ పరిసరాల్లోనే. స్త్రీవిద్య కోసం పాటుపడిన సంస్కర్త మహర్షి కర్వే అధ్యక్షత వహించిన ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేశారు. ఆ రాత్రే కొందరు తెలుగువారు కలుసుకుని ఆంధ్ర జనసంఘానికి నాంది పలికారు, అదే తర్వాత నిజాం రాజ్యంలోని తెలుగువారి సంస్థ ఆంధ్ర మహాసభ అయింది. దాని వేర్లు వెతుక్కుంటూ పోతే ఈ వీధులకే చేరుకుంటాం.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రెసిడెన్సీ తెలుగు మీద అభిమానంతో ఎవరికీ చోటివ్వలేదు. తన అధికారం కోసం గీసుకున్న గీత లోపల నిజాం ఆంక్షలు కొంత సడలాయి, ఆ సందులోకి గ్రంథాలయం వెళ్లి కూర్చుంది. భవనం ఉద్దేశించని ఉపయోగమే దాని ఉపయోగాలన్నిట్లోకీ ఎక్కువకాలం ఫలితమిచ్చిందనడం అతిశయోక్తి కాదు. దర్బారు హాలులో కుదిరిన ఒప్పందాలు 1947తో చెల్లిపోయాయి. సుల్తాన్ బజారులో భాషానిలయం ఇంకా నడుస్తోంది. రెసిడెన్సీ బజార్లను 1933లో తిరిగి నిజాముకు అప్పగించారు. సుల్తాన్ బజార్ అన్న పేరు అప్పటిది. ఆ పేరు మార్పుతో గీత చెరిగింది గానీ, దాని వెంబడి పెరిగిన దుకాణాలు, సంస్థలు అక్కడే ఉండిపోయాయి.

1947 ఆగస్టులో బ్రిటిష్ ఆధిపత్యం ముగియడంతో రెసిడెంటు పదవి కూడా పోయింది. పదవి లేని అధికార నివాసాన్ని ఏం చేయాలన్న ప్రశ్న ఆ రోజుల్లో దేశమంతటా తలెత్తింది. హైదరాబాదులోనే దానికి రెండు రకాల జవాబులు కనిపిస్తాయి. బొల్లారంలో రెసిడెంటు విడిది భవనం రాష్ట్రపతి నిలయమైంది, అంటే యజమాని మారాడు గానీ పని దాదాపు అదే. కోఠి బంగళా 1949లో ఉస్మానియా విశ్వవిద్యాలయ మహిళా కళాశాల చేతికి వచ్చింది. 1924లో పుట్టి అప్పటిదాకా సరైన చోటు లేని కళాశాల అది.

ఆ ఎంపికలో అవసరం ఎంత, ఆలోచన ఎంత అన్నది విడదీయడం కష్టం. అయినా భవనం ఆ పనికి అమరిన తీరు గమనించదగ్గది. వందలమంది కూర్చునే విందుల కోసం కట్టిన హాలు సభలకు సరిపోయింది. ఎండ తగలకుండా గాలి ఆడేందుకు కట్టిన ఎత్తయిన గదులు తరగతులకు పనికొచ్చాయి. తుర్రెబాజ్ ఖాన్‌కు భయపడి కట్టిన ప్రహరీ, ఆడపిల్లలను చదువుకు పంపడానికి వెనకాడే తల్లిదండ్రులకు ధైర్యమిచ్చింది. బేగం ఒంటరిగా తిరిగిన తోటలో, ఆమె ముందువైపు నుంచి చూడలేకపోయిన స్తంభాల కింద, డెబ్బై ఏళ్లకు పైగా విద్యార్థినులు తిరిగారు. ఈ పోలిక అందరూ చేసేదే. ఎంత అరిగిపోయినా దాన్ని వదులుకోవాలనిపించదు.

అయితే కళాశాల భవనాన్ని కాపాడిందా, అరగదీసిందా? రెండూ చేసింది. 1949లో ఎవరూ పట్టించుకోకపోయి ఉంటే, నగరం నడిబొడ్డున అంత నేల ఉన్న ఆవరణ ముక్కలై, అమ్ముడైపోయి ఉండేది. రోజూ తలుపులు తెరిచే మనుషులున్నందువల్ల అది నిలిచింది. కానీ కళాశాల బడ్జెట్టులో సున్నపు గోడల బాగోగులకు పద్దు ఉండదు. ఇటుక, సున్నంతో కట్టిన గోడ తేమను పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది. పెచ్చులూడిన చోట సిమెంటు మెత్తితే ఆ తేమ లోపలే ఉండిపోయి పక్కనున్న గోడను తినేస్తుంది. కప్పు కారడం, చెక్క దూలాలు పుచ్చిపోవడం వంటివి ఒక్కరోజులో కనబడే నష్టాలు కావు. విద్యార్థినుల సంఖ్య పెరిగేకొద్దీ ఆవరణలో కొత్త బ్లాకులు లేచాయి. పాత భవనంలో తరగతులు తగ్గుతూ వచ్చి, చివరికి అక్కడ కూర్చోవడమే ప్రమాదం అనే దశ వచ్చింది. ఉపయోగం ఆగిపోయాక శిథిలం కావడం వేగం పుంజుకుంది. తలుపులు తెరవని గదిలో కారిన నీళ్లను తుడిచేవారుండరు.

చారిత్రక కట్టడాల రక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్, ప్రమాదంలో ఉన్న కట్టడాల 2002 జాబితాలో ఈ భవనాన్ని చేర్చింది. అప్పటినుంచి పని పూర్తయ్యేదాకా ఇరవై ఏళ్లు పట్టింది. ఈ జాప్యానికి ఎవరో ఒకరిని తప్పుపట్టడం సులువే, అయినా పని స్వభావం కూడా ఆలస్యం కోరేదే. సున్నపు పూత పొరలు పొరలుగా ఆరాలి. చెక్కడాల్లో ఊడిపోయిన భాగాలను పాత ఆనవాళ్లు చూసి మళ్లీ తయారుచేయాలి. అది తెలిసిన మేస్త్రీలు ఎక్కువమంది లేరు. 2023 జనవరిలో పునరుద్ధరించిన దర్బారు హాలు, మెట్లు, స్తంభాల వసారా మళ్లీ జనం కంటపడ్డాయి.

పునరుద్ధరణ ఏ కాలాన్ని పునరుద్ధరిస్తుందన్నది ఇలాంటి చోట తప్పించుకోలేని ప్రశ్న. దర్బారు హాలు రంగులు, అద్దాలు, మెరుగులు రెసిడెంటు కాలానివి. నల్లబల్లలు, బెంచీలు, డెబ్బై ఏళ్ల హాజరు పట్టీలు ఆ హాలులో కనబడవు. వలస పాలన కాలపు వైభవానికి సున్నం మెత్తించి, స్వతంత్ర భారతంలో అక్కడ సాగిన చదువును మరమ్మతు చేయవలసిన అరుగుదలగా లెక్కగట్టడంలో ఒక అన్యాయం లేకపోలేదు. స్తంభాలకూ సింహాలకూ ఉన్నట్టు తరగతి గదికి ఒక శైలి ఉండదు కాబట్టి వారసత్వ జాబితాల్లో అది ఎప్పుడూ వెనకే. నిజానికి కర్క్‌పాట్రిక్ ఇక్కడ ఉన్నది కొద్ది ఏళ్లు. రెసిడెంట్లందరూ కలిసి సుమారు 140 ఏళ్లు. చదువుకోవడానికి ఆ ప్రహరీ లోపల అడుగుపెట్టినవారి సంఖ్యతో పోలిస్తే ఆ రెసిడెంట్లు, వారి పరివారం, అతిథులు అంతా కలిపినా గుప్పెడే.

కూల్చేసిన రంగ్ మహల్ విషయం కూడా ఇక్కడికే వస్తుంది. దాని ద్వారం, తోట ఆనవాళ్లు, చిన్న నమూనా, దొరల సమాధులు కొన్ని ఉన్న శ్మశానం ప్రధాన భవనం వెనకవైపున ఉన్నాయి. చూడవచ్చినవారిలో చాలామంది ముందువైపు మెట్ల దగ్గర ఫొటో తీసుకుని వెనుదిరుగుతారు. ఉన్నదాన్ని బాగుచేయడం వేరు, లేనిదాన్ని చెప్పడం వేరు. రెండో పనికి సున్నం, ఇటుక అక్కరలేదు. గోడకు ఒక పలక, చదివించే నాలుగు మాటలు చాలు.

ఆవరణ బయట కూడా మార్పు ఆగలేదు. సుల్తాన్ బజారు మీదుగా మెట్రో మార్గం వేయాలన్నప్పుడు దుకాణాలు పోతాయని వర్తకులు ఏళ్లపాటు వ్యతిరేకించారు. చివరకు 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్‌స్టేషన్, మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ల మధ్య రైలు నడిచింది, సుల్తాన్ బజారుకు ఒక స్టేషను దక్కింది. రెసిడెంటు గీసిన గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసేదో ఆ రైలు కిటికీలోంచి పోల్చుకోవడం ఎవరికీ సాధ్యం కాదు.

2022లో కళాశాలను తెలంగాణ మహిళా విశ్వవిద్యాలయంగా మార్చారు, 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో సాగుచేసుకున్న నేల కోసం, చేతికొచ్చిన పంట కోసం విసునూరు దొరను ఎదిరించిన మనిషి ఆమె. ఆ పోరాటంలో ఆమె పక్కన నిలిచినది, వివేకవర్ధిని సభ మరునాటి నుంచి రూపుదిద్దుకుంటూ వచ్చిన ఆంధ్ర మహాసభే. కంపెనీ రాజచిహ్నం చెక్కిన త్రికోణం ఇప్పుడు ఆమె పేరున్న ఆవరణలో ఉంది. పేటకు ఈ మార్పు ఇంకా పూర్తిగా అందలేదు. ప్రహరీ బయట సిటీ బస్సు ఆగే చోటును కండక్టర్లు ఇప్పటికీ 'ఉమెన్స్ కాలేజ్' అనే పిలుస్తున్నారు.